కొలంబియా గృహములలో తొమ్మిది రాత్రులు



మన పల్లెలలో ఒక ఇంట మరణము సంభవించినయెడల, భూస్థాపన దినమున ఊరంతయు వచ్చును. మూడవ దినమున దగ్గరి చుట్టములు కనబడుదురు. వారము తిరుగకముందే ఎవరి పొలమునకు వారు, ఎవరి కూలికి వారు పోవుదురు. దుఃఖములోనున్న ఇంటివారు మాత్రము సంధ్యవేళ దీపము పెట్టుకొని ఒంటరిగా కూర్చుందురు. ఈ ఒంటరితనము నెరిగి, దానికి తగిన ఏర్పాటొకటి తరతరములుగా నిలుపుకొన్న జనులు భూగోళమునకు ఆవలి ప్రక్కన ఉన్నారు. వారి చరిత్రను ఈ నెల మీతో చెప్పగోరుచున్నాను.

కొలంబియా దక్షిణ అమెరికా ఖండమునకు వాయవ్య మూలనున్న దేశము. దానికి ఉత్తరమున కరిబియను సముద్రము, పడమట పసిఫిక్ మహాసముద్రము. నడుమ ఆండీసు పర్వతములు మూడు వరుసలుగా చీలి నిలిచియున్నవి. ముఖ్యపట్టణమైన బొగొటా సముద్రమట్టమునకు 2,600 మీటర్ల ఎత్తున ఉండుటచేత అక్కడ ఏడాది పొడుగున చలియే. తీరములందు మన కోస్తా జిల్లాలవలె ఉక్క. స్పెయిను దేశస్థులు 1525లో సాంతా మార్తా పట్టణమును, 1533లో కార్తహేనను, 1538లో బొగొటాను స్థాపించిరి. వారితోకూడ స్పానిషు భాషయు కథోలిక మతమును వచ్చెను. ఆ నేలపై ముందునుండి నివసించినవారు, స్పెయినువారు, ఆఫ్రికానుండి గొలుసులతో తేబడిన బానిసలు, ఈ మూడు జాతుల రక్తము నేటి కొలంబియా ప్రజలలో కలిసియున్నది.

వారి కాపురము మనకు బొత్తిగా క్రొత్తది కాదు. మొక్కజొన్న పిండితో చేసి పెనముమీద కాల్చిన అరేపా అను రొట్టె వారి నిత్యాహారము. చెరకు రసము కాచి బెల్లము వండుదురు; దానిని పనేలా అందురు. బెల్లము వండు దేశములలో మన దేశము మొదటిది, తరువాతి స్థానము కొలంబియాది. వేడినీళ్లలో పనేలా కరిగించి పొలమునకు పోవు రైతు త్రాగును, బడికి పోవు బిడ్డయు త్రాగును. బిడ్డకు బాప్తిస్మమిచ్చునప్పుడు జ్ఞానతండ్రిగా నిలువబడినవానిని, బిడ్డ కన్నతండ్రి ‘కొంపాద్రే’ అని పిలుచును. అతడును ఇతనిని అట్లే పిలుచును. మనలో పిల్లల పెండ్లివలన వియ్యము కలిసినట్లు, అక్కడ బిడ్డ బాప్తిస్మమువలన చుట్టరికము కలియును. రక్తసంబంధము లేని పొరుగువాడు ఆ దినమునుండి ఇంటివాడగును.

ఆ దేశమంతయు కొండలు, ఏరులు, దారిలేని అడవులు. మారుమూల పల్లెలకు గురువు వచ్చుట అరుదు. అందువలన జపము చెప్పించుట, పాట ఎత్తుట, చనిపోవువాని ప్రక్కన కూర్చుండుట ఊరి పెద్ద స్త్రీల పనియాయెను. గుడిలో జరుగవలసినది చాలవరకు ఇంటిలోనే జరిగెను. ఈ గృహభక్తికి వారు పెట్టుకొన్న కొలత తొమ్మిది దినములు. దానిని వారు నొవేనా అందురు. మన దేశపు కథోలికులు నవదిన ప్రార్థనలందురు. ప్రభువు ఆరోహణమునకును పెంతెకొస్తు దినమునకును నడుమ శిష్యులు ప్రార్థనలో నిలిచియున్న దినములే ఈ లెక్కకు మూలమని వారు చెప్పుదురు.

మొదట సంతోషపు తొమ్మిది రాత్రులను చూడుడి. డిసెంబరు 7వ తేది చీకటి పడగానే కొలంబియా అంతట ఇండ్ల గడపలయందును, కిటికీలయందును, వీధి అంచులయందును కొవ్వొత్తులు వెలుగును. కాగితపు లాంతరులు వ్రేలాడును. మరియమ్మ నిష్కళంక జన్మమును గూర్చి 1854 డిసెంబరు 8న పోపు తొమ్మిదవ పయస్ చేసిన ప్రకటనకు సంబంధించిన పండుగ అది. బిడ్డలు ఒక్కొక్క కొవ్వొత్తి వెలిగించుచు ఒక్కొక్క కోరిక చెప్పుకొందురు. క్రిస్మసు కాలము ఆ రాత్రితో మొదలగును.

16వ తేదినుండి 24వ తేదివరకు క్రిస్మసు నొవేనా జరుగును. ఆ ప్రార్థనలను 18వ శతాబ్దములో ఫెర్నాండో దె హెసూస్ లర్రేయా అను ఫ్రాన్సిస్కను సన్యాసి వ్రాసెను. ఆయన 1700లో కీటో పట్టణమున పుట్టినవాడు. తరువాత బొగొటాలో మఠవాసినియైన మరియా ఇగ్నాసియా అను ఆమె వాటిని సవరించి, పాడుకొనుటకు చరణములు చేర్చెను. ఆ తొమ్మిది రాత్రులు బంధువులును ఇరుగుపొరుగువారును ఒక్కొక్క రాత్రి ఒక్కొక్క ఇంట కూడుదురు. పశువుల పాకను, కొండలను, గొఱ్ఱెలను బొమ్మలుగా అమర్చియుందురు. తొట్టి మాత్రము ఖాళీగానుండును. 24వ తేది రాత్రివరకు బాలయేసు ప్రతిమను అందులో పెట్టరు. పెద్దలు ప్రార్థన చదువుచుండగా పిల్లలు గిలకలు మ్రోయించుచు పాడుదురు. తరువాత పాలు, పనేలా, మొక్కజొన్న గంజిపిండి, దాల్చినచెక్క చేర్చి గట్టిగా వండిన నతీయాను, జున్నుతో చేసి నూనెలో వేచిన బున్యుయేలో ఉండలను పంచుదురు. బీదవాని ఇంటికిని ఒక రాత్రి వంతు వచ్చును. ఆ రాత్రి ఊరు అతని ఇంటనే ఉండును.

ఇక దుఃఖపు తొమ్మిది రాత్రులు. వీటిని ఎక్కువగా కాపాడినవారు పసిఫిక్ వైపుననున్న చొకో ప్రాంతపు నల్లజాతి ప్రజలు. వారి పూర్వికులను ఓడలలో కార్తహేన రేవునకు తెచ్చి, అక్కడ అమ్మి, చొకో ఏరులలో బంగారము కడుగుటకు తోలిరి. 1851లో చేసిన చట్టమువలన 1852 జనవరి 1నుండి బానిసత్వము రద్దాయెను. విడుదలైనవారు అడవులలోని నదుల ఒడ్డున కట్టెస్తంభములపై ఇండ్లు కట్టుకొని, చేపలు పట్టుకొనుచు, అరటియు మొక్కజొన్నయు పండించుకొనుచు నిలిచిరి. భూలోకములో మిక్కిలి వర్షము కురియు ప్రాంతములలో అది యొకటి.

అక్కడ ఒకడు చనిపోయినయెడల, రాత్రంతయు శవమునొద్ద మేల్కొనియుందురు. భూస్థాపనయైన తరువాత తొమ్మిది రాత్రులు ఆ ఇంట కూడుదురు. స్త్రీలు అలబావో అను పాటలు పాడుదురు. ఏ వాద్యమును ఉండదు. ఒక పెద్దావిడ చరణము ఎత్తగా మిగిలినవారు అందుకొందురు. స్పెయిను గురువులు నేర్పిన స్తుతిగీతములే ఆఫ్రికావారి గొంతులో దుఃఖగీతములైనవి. పురుషులు గుమ్మమునొద్ద కాఫీ త్రాగుచు, చనిపోయినవానిని గూర్చిన కథలు చెప్పుకొనుచు తెల్లవారువరకు ఉందురు. ఆ ఇంటివారిని నిద్రలోగాని మెలకువలోగాని ఒంటరిగా విడువరు. కడపటి రాత్రి తెల్లని గుడ్డలతో ఇంటిలో సమాధివలె ఒక పీఠము కట్టి, దీపములు పెట్టుదురు. తెల్లవారుచుండగా దీపములు ఒక్కొక్కటి ఆర్పి, గుడ్డలు విప్పివేయుదురు. దానితో సెలవు ముగియును. మరునాడు బ్రతికినవారు పనిలోనికి పోవలెను. చిన్నబిడ్డ చనిపోయినయెడల వేరుగా గువాలి అను ఆచారమున్నది. బిడ్డ దేవదూతయాయెనని నమ్మి, ఏడ్పు ఆపుకొని ఆటపాటలతో సాగనంపుదురు. చొకోలోని ఒక మండలపు ఈ ఆచారములను కొలంబియా ప్రభుత్వము 2014లో జాతీయ వారసత్వపు పట్టీలో చేర్చెను.

మృతులకొరకు ప్రార్థించు విషయమున మన సంఘముల బోధ వేరని మీరెరుగుదురు. ఆ వాదము ఇక్కడ తలపెట్టను. అయితే ఊరంతయు ఒక్కటిగా కూడు ఆచారము, కూడనివానియెడల కఠినముగా ఉండగలదను సంగతి దాచకూడదు. ప్రెస్బిటేరియను మిషనరీయైన హెన్రీ ప్రాట్ 1856లో కొలంబియాకు వచ్చెను. ఆయన తరువాత ప్రొటెస్టంటు సంఘములు కొద్దికొద్దిగా పెరిగెను. కాని 1886 రాజ్యాంగము కథోలిక మతమును జాతిమతముగా ప్రకటించెను. 1887లో రోమాతో చేసిన ఒడంబడిక చదువు, పెండ్లి విషయములలో కథోలిక సంఘమునకు గొప్ప అధికారమిచ్చెను. 1924 చట్టము ప్రకారము, కథోలికుడుగా బాప్తిస్మము పొందినవాడు ప్రభుత్వాధికారి యెదుట పెండ్లి చేసికొనవలెనన్న, ఆ మతమును విడిచితినని బహిరంగముగా ప్రకటింపవలెను. 1973లో వ్రాయబడిన క్రొత్త ఒడంబడికవరకు ఆ నిబంధన నిలిచెను. 1948 తరువాత రెండు రాజకీయ పక్షములు ఒకరినొకరు చంపుకొనిన దినములలో ప్రొటెస్టంటు మందిరములు కాల్చబడెను, బడులు మూయబడెను, విశ్వాసులు కొందరు హతులైరి. మత స్వాతంత్ర్యమును అందరికి సమానముగా ఇచ్చినది 1991 రాజ్యాంగము.

ఈ తొమ్మిది రాత్రుల విలువ లోకమునకు తెలిసినది మాత్రము ఒక ఊరు వాటిని పోగొట్టుకొన్నప్పుడు. చొకోలో అత్రాతో అను పెద్ద నది ఒడ్డున బొహయా మండలమున్నది. దాని ముఖ్యగ్రామము పేరు బెల్యావిస్తా. 1964లో పుట్టిన ఫార్క్ అను తిరుగుబాటు సైన్యమును, దానికి శత్రువులైన ప్రైవేటు సాయుధ దళములును ఆ నదికొరకు పోరాడుచుండెను. ఆపద రాబోవుచున్నదని ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల కార్యాలయమువారు ప్రభుత్వమును ముందుగానే హెచ్చరించిరి. ప్రయోజనము లేకపోయెను. గ్రామములో కట్టెయిండ్లు గుండ్లకు నిలువవు గనుక, సిమెంటుతో కట్టిన గుడిలో దాదాపు 300 మంది తల దాచుకొనిరి. 2002 మే 2వ తేది ఉదయమున ఫార్క్‌వారు ప్రయోగించిన గ్యాస్ సిలిండరు బాంబు గుడి కప్పు చీల్చుకొనివచ్చి పీఠమునొద్ద ప్రేలెను. కనీసము 79 మంది చనిపోయిరి. వారిలో సగముకంటె ఎక్కువమంది పిల్లలు. బ్రతికినవారు తెల్లగుడ్డ ఎత్తుకొని పడవలలో నది దాటి పారిపోయిరి.

పోరాటము ఆగకముందే కొందరు పురుషులు సాహసించి, శవములను ఒకే గోతిలో త్వరగా పూడ్చిరి. ఎవరు ఎవరో గుర్తించు వీలు లేకపోయెను. మేల్కొనిన రాత్రి లేదు, అలబావో లేదు, బిడ్డలకు గువాలి లేదు. తల్లులు చెప్పిన దుఃఖములలో ఇది గొప్పది: బిడ్డ పోయెను, ఆ బిడ్డను సాగనంపుటకైనను రాలేదు.

సంవత్సరములు గడచెను. 2007లో ఊరిని కొంత ఎగువన క్రొత్తచోట కట్టిరి. స్త్రీలు ఊరకుండలేదు. బొహయా మండలములోని పోగే గ్రామపు స్త్రీలు తమకు జరిగినదానిని గూర్చి తామే క్రొత్త అలబావోలు కట్టి పాడిరి. 2015 డిసెంబరులో ఫార్క్ ప్రతినిధులు ఆ పాత ఊరికి వచ్చి, ప్రజల యెదుట క్షమాపణ వేడిరి. 2016 సెప్టెంబరు 26న కార్తహేనలో ప్రభుత్వమును ఫార్క్‌ను శాంతి ఒడంబడికపై చేవ్రాలు చేసినప్పుడు, దేశాధిపతులందరి యెదుట ఆ స్త్రీలు నిలిచి పాడిరి. పూర్వము ఏ రేవులో వారి పితరులు అమ్మబడిరో, ఆ పట్టణములోనే వారి గొంతు వినబడెను. ఆ గుడిలో చేతులు కాళ్లు విరిగిన క్రీస్తు ప్రతిమను ఊరివారు బాగుచేయక అట్లే ఉంచుకొనిరి. 2017 సెప్టెంబరు 8న పోపు ఫ్రాన్సిస్ దాని యెదుట ప్రార్థించెను.

2017లో ఆ సమాధులు త్రవ్వి, శాస్త్రజ్ఞులు ఎముకలను పరీక్షించి, ఎవరు ఎవరో సాధ్యమైనంతవరకు తేల్చిరి. 2019 నవంబరులో వారిని పేరుపేరున పెట్టెలలో ఉంచి క్రొత్త బెల్యావిస్తాకు తెచ్చిరి. స్త్రీలు పెద్దలకు అలబావో పాడిరి, బిడ్డలకు గువాలి పాడిరి. నవంబరు 18న భూస్థాపన చేసిరి. పదునేడేండ్ల తరువాత ఆ తల్లులకు దుఃఖపడుటకు తగిన రాత్రి దొరికెను.

చదువరీ, ఆ స్త్రీలకు డబ్బు లేదు, అధికారము లేదు, చాలమందికి చదువును తక్కువే. వారియొద్ద ఉన్నదంతయు పొరుగింటికి పోయి కూర్చుండు అలవాటొకటే. బానిసత్వము దానిని చెరపలేదు; యుద్ధము పదునేడేండ్లు ఆపగలిగెను గాని తుడిచివేయలేకపోయెను. ఏడ్చువారితో ఏడువుడని పౌలు రోమా సంఘమునకు చెప్పినది మనకు కంఠస్థమే. ఎన్ని దినములని ఆయన లెక్క చెప్పలేదు. చొకోవారు తొమ్మిది అని పెట్టుకొనిరి, ఏలయనగా లెక్క లేనిచోట మనుష్యుడు మొదటి దినముతో సరిపెట్టుకొనును.

మీ సంఘములో ఈ మధ్య పెద్దదిక్కును పోగొట్టుకొన్న ఇల్లేదో మీకు తెలియును. అందరును వెళ్లిపోయిన తరువాత, రెండవ వారమున, ఒక సాయంకాలము ఆ గుమ్మములోనికి పోయి కూర్చుండుడి. మాటలు తోచకపోయినను ఫరవాలేదు.