ఉత్తరాభాద్ర పక్కన మసక వెలుగు

కార్తీకం చివర, అమావాస్య దగ్గరపడిన రాత్రి, ఎనిమిదిన్నర ప్రాంతంలో కోరాపుట్ కొండమీదో, రాయగడ పొలిమేరలోనో వీధిదీపాలకు దూరంగా నిలబడి తలెత్తి చూడండి. నడినెత్తికి దగ్గరగా నాలుగు చుక్కల పెద్ద చతురస్రం కనిపిస్తుంది. మన పంచాంగంలోని పూర్వాభాద్ర, ఉత్తరాభాద్ర అవే. దాని ఈశాన్యపు మూల చుక్క నుంచి అదే దిక్కుగా రెండు చుక్కలు దాటి, అక్కడ ఉత్తరానికి మళ్ళి మరి రెండు చిన్న చుక్కలు దాటితే, దూదిపింజలాంటి మసక వెలుగు కనిపిస్తుంది. అదే ఆండ్రోమెడా గెలాక్సీ.

964లోనే పారశీక ఖగోళవేత్త అల్ సూఫీ దీన్ని చిన్న మేఘంగా గుర్తించి రాశాడు. మబ్బు కాదని తెలియడానికి దాదాపు వెయ్యేళ్ళు పట్టింది.

ఆకాశాన్ని శోధించిన ఆ చరిత్రలో మన ప్రాంతానికీ చుట్టరికం ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు జయపురం సంస్థానం విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. ఆ విశాఖలో 1840లో గోడే వెంకట జగ్గారావుగారు సొంత ఖర్చుతో వేధశాల కట్టించారు. 1856లో ఆయన పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు దాన్ని నడిపి, 1874 డిసెంబరు 9న సూర్యబింబం మీదుగా శుక్రుడు సాగిపోవడాన్ని పరిశీలించారు.

నరసింగరావుగారు జీవించి ఉండగానే, 1888లో, ఇంగ్లండులో ఐజాక్ రాబర్ట్స్ ఆండ్రోమెడాను ఫోటో తీశారు. సుడి తిరిగిన చేతులు అందులో బయటపడ్డాయి. కొత్త సౌరకుటుంబం పుడుతోందని ఆయన అనుకున్నారు. దూరం తెలియనప్పుడు ఎవరైనా అలాగే పొరబడతారు.

దూరం కొలిచే ఉపాయం 1912లో హెన్రియెట్టా లెవిట్ అనే మహిళ పరిశోధన వల్ల దొరికింది. ఒక జాతి నక్షత్రాల వెలుగు క్రమం తప్పకుండా పెరిగి తగ్గుతుంది. ఆ కాలం ఎంత ఎక్కువైతే నక్షత్రం అంత ప్రకాశవంతమైనదని ఆమె నిరూపించారు. దీపం అసలు వెలుగు తెలిస్తే, కంటికి ఎంత మసకగా ఉందో చూసి దూరం కట్టవచ్చు కదా! 1923 అక్టోబరులో అమెరికాలో ఎడ్విన్ హబుల్ అలాంటి నక్షత్రాన్ని ఆండ్రోమెడాలో పట్టుకున్నారు. ఆయన లెక్కకు దూరం సుమారు 9 లక్షల కాంతి సంవత్సరాలు తేలింది. నేటి లెక్క 25 లక్షలు. అంటే అది మన పాలపుంతకు వెలుపల ఉన్న మరో నక్షత్రలోకం.

జగ్గారావుగారి కాలంలో విశాఖ రాత్రులు చీకటిగానే ఉండేవి. నేడు ఆ నగరం నడిబొడ్డున ఈ మసక వెలుగు కంటికి ఆనదు. మన కొండలమీద ఇంకా ఆనుతుంది. ఈసారి వీధిదీపం వేయించేటప్పుడు, వెలుగు నేలమీదే పడేలా పైన రేకు కప్పు పెట్టించండి. ఆ చీకటి ఉండగానే మీ పిల్లలకు ఆండ్రోమెడాను చూపించండి. వాళ్ళ కంట్లో పడే ఆ వెలుగు బయలుదేరి 25 లక్షల ఏళ్ళయిందని చెప్పండి.