వాలుగ దవడ, వంద నంబరు నూలు

శ్రీకాకుళం జిల్లా పొందూరులో సన్నఖాదీ పని చేప దవడతో మొదలవుతుంది. అది వాలుగ చేప దవడ ఎముక. దాని నిండా సూదుల్లాంటి సన్నని పళ్లు. గింజ తియ్యని కొండపత్తిని ఎడమచేతి వేళ్ల మధ్య పట్టుకుని దవడతో దువ్వితే నలక, పొట్టు రాలిపోయి పీచంతా ఒక్క వైపుకి తిరుగుతుంది. తరవాత చెక్కపలక మీద ఇనుప కడ్డీ దొర్లించి గింజ తీస్తారు, ఏకుతారు, ఏకులు చుడతారు. ఆ ఏకుల్ని నలగకుండా ఎండిన అరటి దొప్పలో దాచుకుంటూ రాట్నం మీద వడుకుతారు. ఇదంతా ఆడవాళ్ల పని. వడికేది ఎక్కువగా పట్టుసాలీలు, నేసేది దేవాంగులు.

వంద నంబరు నూలంటే పౌను బరువులో 840 గజాల చిలపలు వంద. మొత్తం 84,000 గజాలు, అంటే సుమారు 77 కిలోమీటర్లు. అరకిలో కూడా తూగని ఆ దారం శ్రీకాకుళంలో పట్టుకుంటే విజయనగరం దాటిపోతుంది. ఆ పొడవంతా వేళ్ల మధ్య నుంచి సాగి వచ్చిందే. అందుకే ఈ బట్ట ధరలో పత్తి ఖరీదు స్వల్పం, మనిషి గంటలే ఎక్కువ. ఆ గంటల్ని ఏ కాలంలో ఎవరు కొన్నారన్నదే పొందూరు చరిత్ర.

మొదట్లో కొనేవాళ్లకి కొదవ లేదు. మేలైన నూలు బట్టలు దొరికే దేశాల్లో ఈ ప్రాంతం ఉన్న కళింగాన్ని కౌటిల్యుడు చేర్చాడు. పాత తమిళంలో 'కలింగం' అంటే బట్టే. చికాకోల్ (శ్రీకాకుళం) మస్లిన్ పేరు ఇంగ్లీషు దొరల గెజిటీర్లకీ ఎక్కింది. విశాఖపట్నంలో కోఠీ పెట్టిన ఈస్టిండియా కంపెనీ ఈ తీరం బట్టను ఓడలకెత్తింది.

లాంకషైర్ మిల్లులు వచ్చాక నేతగాడు చితికిపోయాడని అందరం చెప్పుకుంటాం. అతని కంటే ముందు చితికింది వడికే ఆడది. ఆమె నూలు కొనేది నేతగాడే కదా. చవగ్గా, తెగకుండా, ఒకే లావున ఉండే మిల్లు నూలు దొరికాక అతను అటు మళ్లాడు. అతన్ని తప్పుపట్టలేం, అతనికీ మగ్గం ఆడాలి. 1890ల్లో ఈ తీరం వెంట రైలు పడ్డాక మిల్లు సరుకు ఇంకా దగ్గరైంది. మగ్గం ఎలాగోలా నిలబడింది. రాట్నాలు అటకెక్కాయి.

పొందూరులో మాత్రం పూర్తిగా ఎక్కలేదు. గాంధీజీ తన కుమారుడు దేవదాసును ఇక్కడికి పంపి ఈ పనితనాన్ని చూసి రమ్మన్నారు. ఖద్దరు కట్టడం వ్రతమైన రోజులవి. 1925లో అఖిల భారత చరఖా సంఘం ఏర్పడింది. నా దృష్టిలో అసలు మలుపు మాత్రం 1935. వడికే మనిషికి ఎనిమిది గంటల పనికి ఎనిమిది అణాలు రావాలని గాంధీజీ పట్టుబట్టారు. ధర పెరిగితే కొనేవాళ్లు తగ్గిపోతారని కార్యకర్తలు బెంబేలెత్తారు. సంఘం అంత ఇవ్వలేకపోయినా కూలి పెంచింది. బజారు ధర బట్టి కూలి కట్టడం లోకరీతి. మనిషి బతుకు బట్టి కూలి కట్టి, ఆపైన ధర చెప్పి, కొనేవాణ్ణి ఒప్పించాలన్నది ఆయన లెక్క. ఈ లెక్క ఈనాటికీ సరైనదని నేను నమ్ముతాను.

1949లో పొందూరులో ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం వెలిసింది. స్వరాజ్యం వచ్చాక వ్రతం సడలింది. 1950ల్లో ఎక్కువ కదుళ్లున్న అంబర్ చరఖాను ప్రభుత్వం ప్రోత్సహించింది. పొందూరు సన్ననూలు ఒంటి కదురును వదల్లేదు. అంతలో టెరిలిన్ వచ్చింది. ఉతికి ఆరేస్తే చాలు, గంజీ ఇస్త్రీ అక్కర్లేదు. ఆఫీసుకెళ్లే మగవాళ్లు అటు మొగ్గారు. పండక్కీ పెళ్లికీ పొందూరు పంచె కట్టేవాళ్లు, అక్కినేని నాగేశ్వరరావు వంటి అభిమానులు మిగిలారు.

అమ్మకాలు నిలబెట్టడానికి సర్కారు రిబేటు పెట్టింది. దాంతో కొనేవాళ్లకి కొత్త అలవాటైంది. గాంధీ జయంతికి తగ్గిస్తారు కదా అని చేతిలో డబ్బున్నా ఆగడం! పూర్వం పుణ్యమని కొన్న బట్టని తగ్గింపు చూసి కొనడం నేర్చుకున్నాం. పక్క జిల్లాలో చంపావతి ఒడ్డున నెల్లిమర్ల జూట్ మిల్లు గోనెసంచికి వేరే దారి దొరికింది. ప్లాస్టిక్ సంచి పోటీకి వస్తే, ధాన్యానికి జనపనార సంచులే వాడాలని 1987లో చట్టమే వచ్చింది. పంచెకి అలాంటి చట్టం చెయ్యలేరు, ఎవరిష్టం వాళ్లది. 2010లో రిబేటు స్థానంలో ఉత్పత్తి విలువ మీద 20 శాతం సాయం తెచ్చారు. అందులో నాలుగో వంతు వడికేవాళ్లకీ నేసేవాళ్లకీ నేరుగా దక్కాలన్నారు. ఆలస్యంగానైనా మంచి పని. తగ్గింపు అడిగే అలవాటు మాత్రం పోలేదు.

ఇప్పుడు బేరం ఫోన్లోకి వచ్చింది. హైదరాబాదులోనో అమెరికాలోనో కూర్చుని పొందూరు చీర తెప్పించుకోవచ్చు. చేత్తో చేసిందంటే ఎక్కువిచ్చే జనం మళ్లీ పుట్టారు, సంతోషం. కానీ ఫొటోలో పవర్‌లూమ్ బట్ట, పొందూరు బట్ట ఒకలాగే తెల్లగా కనిపిస్తాయి. బట్టని వెలుగుకి ఎత్తి పట్టుకుంటే తెలుస్తుంది. చేతి నూలు అక్కడక్కడ కాస్త లావెక్కి, మళ్లీ సన్నబడుతూ పోతుంది. వేలికి ఆ తేడా అందుతుంది, తెర మీద అందదు.

రాట్నాల ముందు ఇప్పుడు ఎక్కువగా నడివయసు దాటిన అమ్మలే కనిపిస్తారు. వాళ్ల ఇళ్లలోని ఆడపిల్లలకి పైడిభీమవరం ఫ్యాక్టరీల్లో నెల జీతం దొరుకుతోంది. చిలపల లెక్కన వచ్చే కూలి ఆ జీతానికి దరిదాపుల్లోకి రాదు. దువ్వడం నేర్పేందుకు దవడ ఉంది, నేర్పే అమ్మ ఉంది. పక్కన కూర్చునే పిల్లకి ఎంత గిట్టాలో లెక్కకట్టి, ఆ పైన పంచె ధర రాయాల్సి ఉంది.