చక్కెర దీవులకు విహారయాత్ర

ఈ ప్రత్యేక సంచికకు యాత్రల గురించి ఒక వ్యాసం రాయమని సంపాదక మిత్రులు కోరారు. మన సంఘ సభ్యులలో చాలామంది కాశీ, రామేశ్వరం చూసి వచ్చినవారే. వాటి గురించి నాకంటే బాగా రాయగలవారు ఉన్నారు. ఈ మధ్య మరొక మాట వినవస్తున్నది. అమెరికాలో స్థిరపడిన పిల్లలు "బాపూ, ఈసారి వచ్చినప్పుడు కరీబియన్ దీవులకు పోదాం. ఓడలో తిరుగుదాం, సముద్రపు ఒడ్డున నాలుగు రోజులు ఉందాం" అంటున్నారట. అలా పిలుపు వచ్చినవారు ఒకరిద్దరు నన్ను వివరాలు అడిగారు. రెవెన్యూ శాఖలో మూడు దశాబ్దాలకు పైగా కాగితాలు తిరగేసినవాణ్ణి కనుక, ఆ దీవుల చరిత్ర కూడా ఒక పాత ఫైలు చదివినట్లే చదివాను. తెలుసుకున్నది మీ ముందు ఉంచుతున్నాను.

కరీబియన్ అంటే మన వయసువారికి కొత్తగా ఉండవచ్చు గాని, వెస్టిండీస్ అంటే తెలియనివారు లేరు. 1971లో వాడేకర్ నాయకత్వాన మన జట్టు పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో వెస్టిండీస్‌ను మొట్టమొదటిసారి టెస్టులో ఓడించింది. ఆ పర్యటనకు వెళ్లిన జట్టులో జయసింహ, ఆబిద్ అలీ, కృష్ణమూర్తి, జయంతీలాల్, గోవిందరాజ్, అంటే అయిదుగురు హైదరాబాదువారు ఉన్నారు. ఆ పోర్ట్ ఆఫ్ స్పెయిన్ ట్రినిడాడ్ దీవి ముఖ్యపట్టణం. క్రికెట్ కంటే పాత బంధుత్వం కూడా ఆ దీవులతో మనకు ఉన్నది. అది చెరకు బంధుత్వం.

శర్కర చేసిన ప్రయాణం

చెరకు మొక్క పుట్టిల్లు న్యూగినీ ప్రాంతమని శాస్త్రజ్ఞులు చెబుతారు. రసం కాచి పలుకులుగా మార్చే విద్య మాత్రం మన దేశంలోనే పెరిగింది. సంస్కృతంలోని శర్కర పారశీకంలో శకర్, అరబ్బీలో సుక్కర్, చివరకు ఇంగ్లీషులో షుగర్ అయింది. మన చక్కెర, బోధన్ పక్కనున్న శక్కర్‌నగర్ ఆ ఇంటి పిల్లలే.

1493లో కొలంబస్ రెండవసారి బయలుదేరినప్పుడు చెరకు ముక్కలు ఓడలో వేసుకుని పోయి కరీబియన్‌లో నాటించాడు. నరికిన చెరకును నిలవ ఉంచితే తీపి తగ్గిపోతుంది. ఇది మన రైతులకు ఎవరూ చెప్పనక్కరలేదు. కనుక గానుగ తోటలోనే ఉండాలి, కోత కాలంలో రాత్రింబవళ్లు మనుషులు పనిచేయాలి. ఆ పనికి ఆఫ్రికా నుంచి లక్షల మందిని బానిసలుగా పట్టి తెచ్చారు. 1640ల నుంచి బార్బడోస్, తరువాత జమైకా, మార్టినిక్, గ్వాడలూప్ దీవులు యూరప్‌కు చక్కెర పండించే కొట్టాలైపోయాయి.

బ్రిటిష్ ప్రభుత్వం 1834లో బానిసత్వాన్ని రద్దు చేసింది. కాని "అప్రెంటిస్" అన్న పేరుతో ఆ పని 1838 దాకా నడిచింది. ఫ్రెంచివారు 1848లో రద్దు చేశారు. తోటల యజమానులకు కూలీలు కావలసి వచ్చి, మన దేశం వైపు చూశారు.

ఓడలెక్కిన మనవారు

1838లో మొదటి ఓడలు కలకత్తా నుంచి బ్రిటిష్ గయానా చేరాయి. 1845 మే నెలలో జమైకాకు, ట్రినిడాడ్‌కు మొదటి ఓడలు చేరాయి. ట్రినిడాడ్ చేరిన ఫతెల్ రజాక్ అనే ఓడకు దారిలో మూడు నెలలకు పైగా పట్టింది. ఫ్రెంచివారి మార్టినిక్‌కు 1853లో, గ్వాడలూప్‌కు 1854లో మనవారు చేరారు. 1917లో ఈ పద్ధతి ఆగేనాటికి ట్రినిడాడ్‌కు సుమారు 1 లక్షా 40 వేల మంది, గ్వాడలూప్‌కు 40 వేలకు పైగా వెళ్లారు.

ఎక్కువమంది బీహారు, అయోధ్య ప్రాంతాలవారు. మద్రాసు, పాండిచ్చేరి, కారైకాల్ రేవుల నుంచి వెళ్లినవారిలో తమిళులతోపాటు తెలుగువారు కూడా ఉన్నారు. అక్కడ అందరినీ కలిపి "మద్రాసీ" అనేవారు. మారిషస్ వెళ్లిన తెలుగువారిని కోరంగి రేవు పేరుతో పిలిచారు. అక్కడ మన భాష, ఉగాది పండుగ నేటికీ నిలిచాయి. కరీబియన్‌లో అలా జరగలేదు. సంఖ్య తక్కువ, తోటలు దూరం, బడి లేదు. రెండు మూడు తరాలలో తెలుగు మాట పోయింది. మిగిలినవి అమ్మవారి పూజ, వంట. గ్వాడలూప్, మార్టినిక్‌లలో మారియమ్మ పూజ ఇప్పటికీ జరుగుతుంది. సముద్రంలో కాపాడాడని నాగూరు మీరాను కూడా తలుచుకుంటారు. మసాలా కూరను అక్కడ "కొలంబో" అంటారు. ఆడవారి పండుగ బట్ట పేరు "మద్రాస్". అది మన కోరమండల్ తీరం గళ్ల రుమాలు సంతతి.

ఒప్పందం అయిదేళ్లకు. ట్రినిడాడ్‌లో మగవారికి రోజు కూలి 25 సెంట్లు. సెలవు చీటీ లేకుండా తోట దాటితే జైలు. ఎక్కించే ముందు మేస్త్రీ చెప్పినది ఒకటి, దిగిన తరువాత చూసినది మరొకటి. ఏజెంటు, ఒప్పందం, సముద్రం అవతలి కూలి అనే మాటలు వినగానే మన జిల్లావారికి వేరే వివరణ అక్కరలేదు. ఆర్మూరు, కమ్మర్‌పల్లి వైపు గల్ఫ్‌కు పోయిన బిడ్డ లేని ఊరు లేదు. అందుకే ఈ చరిత్ర పరాయివారిది అనిపించదు.

రిజిస్టరులో మిగిలిన మనుషులు

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఒక కాగితం సంగతి. ఓడ ఎక్కే ప్రతి మనిషికీ రేవులో ఒక వలస పత్రం రాసేవారు. పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఒంటిమీద గుర్తులు, దగ్గరి బంధువు అన్నీ అందులో ఉండేవి. మన ఆఫీసుల్లో సర్వీసు పుస్తకం మొదటి పేజీ రాసినట్లే. రాసినవాడు ఒక గుమాస్తా. అతని పేరు ఎక్కడా లేదు.

ఆ పత్రాలు, వాటి నుంచి ఎత్తిరాసిన రిజిస్టర్లు ట్రినిడాడ్ ప్రభుత్వ పురాలేఖాగారంలో భద్రంగా ఉన్నాయి. అయిదారు తరాల తరువాత మునిమనవలు ఆ నకలు చేతపట్టుకుని మన దేశం వచ్చి, ఊరు వెదుక్కుని, దాయాదులను కలుసుకున్న సంగతులు ఎన్నో ఉన్నాయి. గుమాస్తా అక్షరం స్పష్టంగా ఉన్నవాడికి ఊరు దొరికింది. పేరు తప్పు పడినవాడికి దారి మూసుకుపోయింది. జీవితమంతా పేర్లు, తండ్రి పేర్లు, సర్వే నంబర్లు రాసిన మనవంటివారు ఈ మాట దగ్గర ఒక నిమిషం ఆగాలి.

ఓడలు ఆగాయి, మిల్లులు ఆగాయి

బీట్ దుంప చక్కెర పోటీతో ఆ దీవుల సంపద క్రమంగా తగ్గింది. ట్రినిడాడ్‌లో ప్రభుత్వ చక్కెర సంస్థ కెరోని 2003లో వేలాదిమందిని ఇంటికి పంపింది. సెయింట్ కిట్స్ దీవి 2005లో చక్కెర పరిశ్రమనే ఆపేసింది. మరి అక్కడివారు ఏం చేశారు? సెయింట్ కిట్స్‌లో చెరకు మోయడానికి 1912-1926 మధ్య వేసిన చిన్న రైలు పట్టాల మీద ఇప్పుడు యాత్రికుల బండి నడుస్తున్నది.

మన వైపు చూడండి. అలీ నవాజ్ జంగ్ పర్యవేక్షణలో మంజీర మీద 1923లో మొదలైన నిజాంసాగర్ 1931లో పూర్తయింది. కోస్తా నుంచి రైతులు వచ్చి కాంపులు కట్టుకున్నారు. నీరు వచ్చింది, చెరకు వచ్చింది, 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఆసియాలోకెల్లా పెద్దదని పేరు పొందింది. క్రషింగ్ సీజన్‌లో రోడ్డు పొడుగునా చెరకు బండ్ల బారులు, గాలిలో మొలాసిస్ వాసన, షిఫ్టు సైరన్‌కు గడియారాలు సరిచేసుకునే ఇళ్లు మనలో చాలామందికి గుర్తే. 2002లో ఎక్కువ వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో మిల్లు మూతపడింది.

యాత్ర ఎలా వేసుకోవాలి

ఎన్నో దీవులు ఉన్నా, మన వయసువారికి ట్రినిడాడ్, దాని జంట దీవి టొబాగో అనుకూలమని నా అభిప్రాయం. పడవ, సముద్రపు ఒడ్డు, చరిత్ర మూడూ ఒక్కచోట దొరుకుతాయి. అయిదు రోజులు చాలు.

మొదటి రోజు విశ్రాంతి. మన సమయానికి తొమ్మిదిన్నర గంటల తేడా ఉంటుంది. రెండవ రోజు పడవలో నెల్సన్ దీవి. 1866 నుంచి వచ్చిన కూలీలను ముందుగా అక్కడే దించి, వైద్య పరీక్ష చేసి, తోటలకు పంచేవారు. అక్కడి నేషనల్ ట్రస్టువారు యాత్రికులను తీసుకుపోతారు, తేదీ ముందుగా కనుక్కోవాలి.

మూడవ రోజు వాటర్లూ అనే ఊరి వద్ద సముద్రంలోని గుడి. సేవ్‌దాస్ సాధు అనే చెరకు కూలీ ఒడ్డున గుడి కట్టుకుంటే, అది చక్కెర కంపెనీ భూమి అని 1952లో కూల్చివేశారు. ఆయనకు 14 రోజులు జైలు. బయటకు వచ్చి "భూమి మీది, సముద్రం ఎవరిదీ కాదు గదా" అన్న తీరుగా నీటిలోనే గుడి మొదలుపెట్టాడు. సైకిలు మీద రాళ్లు మోసి సముద్రంలో దారి వేశాడు. ఇప్పుడున్న గుడి 1995 నాటికి ప్రభుత్వ సాయంతో లేచింది. దగ్గరలోనే మనవారి వలస వస్తువులు దాచిన ఇండియన్ కరీబియన్ మ్యూజియం ఉన్నది. అదే సాయంత్రం కెరోని మడ అడవిలో పడవ. అడుగు చదునైన పెద్ద పడవ, నిదానంగా పోతుంది. పొద్దు గుంకేవేళ స్కార్లెట్ ఐబిస్ అనే ఎర్రని కొంగలు గుంపులుగా వచ్చి చెట్లమీద వాలుతాయి. తినే పీతల వలననే వాటికి ఆ ఎరుపు.

నాలుగు, అయిదు రోజులు టొబాగోలో పిజియన్ పాయింట్ ఒడ్డు. బుక్కూ వద్ద అద్దపు అడుగు పడవలో కూర్చుంటే, నీళ్లలో దిగకుండానే పగడపు దిబ్బలు కనబడతాయి. శాకాహారులకు భయం లేదు. బజారులో డబుల్స్ అనే శనగల కూర, పూరీవంటి రొట్టె దొరుకుతుంది. దాల్‌పూరీ కూడా ఉంటుంది.

కొన్ని జాగ్రత్తలు:

జనవరి నుంచి మే వరకు వానలు తక్కువ. జూన్ నుంచి నవంబరు వరకు తుపానుల కాలం. ట్రినిడాడ్ దక్షిణాన ఉండటం వల్ల దానికి దెబ్బ అరుదు.

మన దేశం నుంచి నేరుగా విమానం లేదు. లండన్ మీదుగానో, అమెరికా మీదుగానో పోవాలి. అమెరికాలో ఉన్న పిల్లలతో ఓడ ప్రయాణం చేసేవారికి పలుసార్లు ప్రవేశం ఇచ్చే అమెరికా వీసా ఉండాలి. లేకపోతే తిరిగి రానివ్వరు. మార్టినిక్, గ్వాడలూప్ 1946 నుంచి ఫ్రాన్సులో భాగాలు, వాటికి ఫ్రెంచి వీసా నియమాలు వర్తిస్తాయి. నియమాలు మారుతుంటాయి గనుక టికెట్టు కొనకముందే విచారించండి.

ట్రినిడాడ్ నుంచి నేరుగా ఇంటికి వచ్చేవారిని పచ్చజ్వరం టీకా పత్రం అడుగుతారు. అది లేకుంటే ఆరు రోజుల నిర్బంధ పరిశీలనలో ఉంచవచ్చు. 60 ఏళ్లు దాటినవారికి ఆ టీకా మొదటిసారి వేయించడంలో ప్రమాదం కొంత ఎక్కువ. డాక్టరును అడగకుండా నిర్ణయించవద్దు.

ఒడ్డున మాంచినీల్ అనే చెట్టు ఉంటుంది. కాయ చిన్న పచ్చి ఆపిల్ వలె ఉంటుంది, కాని విషం. వాన పడినా దాని కింద నిలబడరాదు. ఆ నీళ్లు పడితే ఒళ్లు బొబ్బలెక్కుతుంది.

రోజూ వేసుకునే మాత్రలు చేతిసంచిలోనే, చీటీతో సహా ఉంచుకోండి. వైద్య బీమా తప్పనిసరి. జీవన ధ్రువపత్రం ఇచ్చే నెలలు చూసుకుని బయలుదేరండి. పెన్షన్ ఆగితే సముద్రపు గాలి కూడా హాయిగా ఉండదు.

ఇది మనం చేయగల పని

అంత దూరం పోలేనివారికి ఆలీసాగర్, నిజాంసాగర్ ఉండనే ఉన్నాయి. పోయినవారు, పోనివారు అందరూ చేయగల పని ఒకటి ఉన్నది. ఆ దీవులవారికి మునుపటివారి పేర్లు దొరికాయంటే, ఎవరో రాసిపెట్టారు గనుక. శక్కర్‌నగర్‌లో చెరకు తూచినవారు, బాయిలరు దగ్గర నిలిచినవారు, కాంపులలో మొదటి కర్ర నాటినవారు ఇంకా కొందరు మన మధ్య ఉన్నారు. పేరు, తండ్రి పేరు, ఊరు, చేసిన పని, చేరిన ఏడు, దిగిన ఏడు అనే ఆరు గళ్లతో ఒక రిజిస్టరు మన సంఘం తెరవాలని కోరుతున్నాను. కలం పట్టడానికి నేను సిద్ధం. మునుముందు ఎవరి మునిమనవరాలో ఏ దేశం నుంచో వచ్చి అడిగితే, చూపడానికి ఒక పేజీ ఉండాలి.