దీపంలో నూనె, మూకుట్లో నూనె

మోటారు సైకిలు గొడవ మగవాళ్ళదని మనం చేతులు దులుపుకుంటాం. కానీ దాని నూనె లెక్క మన వంటింటిదేనంటాను నేను.

మద్రాసు నుంచి బెజవాడ వెళ్ళే పెద్ద రోడ్డు మా సింగరాయకొండ పక్కగానే పోతుంది. ఆ మద్రాసులోనే 1955లో బుల్లెట్లు చేసే ఎన్‌ఫీల్డ్ ఇండియా వెలిసింది. 1960లలో మైసూరు జావా, రాజదూత్ వచ్చాయి. ఈ రెండూ టూ స్ట్రోక్ బళ్ళు. పెట్రోలులోనే ఆయిలు కలిపి పోయాలి. దీపంలో నూనెలాగా అది మండిపోతుంది, వెనక నీలిపొగ వదులుతుంది. గేరుపెట్టెలో తప్ప ఆయిలు మార్చే పనే లేదు.

బుల్లెట్ అలా కాదు, ఫోర్ స్ట్రోక్. ఆయిలు ఇంజనులోనే తిరుగుతూ, నాలుగు వాయిలు వేగిన మూకుట్లో నూనెలా నల్లబడుతుంది. తీసేసి కొత్తది పోయాల్సిందే.

1985లో హీరో హోండా సీడీ 100 ఈ ఫోర్ స్ట్రోక్‌ను మామూలు ఇళ్ళకు తెచ్చింది. ట్యాంకు నింపి మరచిపొమ్మంది దాని ప్రకటన. మరచిపొమ్మన్నది పెట్రోలును, ఆయిలును కాదమ్మా! ఆయిలు అడుగంటితే నడిరోడ్డు మీద ఇంజను పట్టేస్తుంది. వెనక సీట్లో బిడ్డను పట్టుకు కూర్చునేది మనమే కదా!

అందుకే దూరప్రయాణమంటే ముందు బండితో వచ్చిన పుస్తకం తిరగేయండి. ఎన్ని కిలోమీటర్లకు మార్చాలో చూసి, క్యాలెండరు మీద పాల లెక్క పక్కనే రాసుకోండి. ఎండలో, దుమ్ములో తిరిగే బండికి గడువుకు ముందే మారిస్తే మరీ మంచిది.