గోదావరి మీద ఆగిపోయిన పడవ దారి

ఇంగ్లండు కాలువల మీద సన్నని పొడవాటి పడవను అద్దెకు తీసుకుని, చుక్కాని పట్టుకుని, రోజంతా నింపాదిగా సాగిపోవడం అక్కడివారికొక ముచ్చట. గంటకు నాలుగు మైళ్ళు మించరాదన్నది నియమం. కాస్త చురుకుగా నడిచే మనిషి ఒడ్డున ఆ పడవను దాటిపోగలడు. లాకు వచ్చినప్పుడల్లా దిగి, తలుపులు తామే తోసి, నీరు సమమయ్యేదాకా ఆగాలి. ఏడడుగుల వెడల్పూ, డెబ్బై అడుగుల దాకా పొడవూ ఉండే ఆ పడవల గురించి చదువుతున్నప్పుడు నన్ను పట్టుకున్నది వాటి తీరుబడి కాదు, వాటి పూర్వజన్మ. అవి ఒకప్పటి బొగ్గు పడవలు.

నస్పూరులో, గనుల సైరన్ల మధ్య బతికేవాడికి ఆ మాట చాలు. 1761లో బ్రిడ్జ్‌వాటర్ ప్రభువు వర్స్‌లీలోని తన గనుల నుండి మాంచెస్టరు వైపు కాలువ తెరిపించాడు. పడవలు గని లోపలికే వెళ్ళి బొగ్గు నింపుకుని వచ్చేవి! ఒడ్డున నడిచే ఒక్క గుర్రం పాతిక టన్నుల బరువును లాగేది. మాంచెస్టరులో బొగ్గు ధర సగానికి పడిపోయిందంటారు. తరువాత రైలు వచ్చింది, కాలువలు వెలవెలబోయాయి. 1944లో రోల్ట్ అనే ఆయన తన పడవ ప్రయాణాన్ని పుస్తకంగా రాశాక వాటి మీద మళ్ళీ జనానికి మనసైంది.

మరి మన సంగతి? ధవళేశ్వరం ఆనకట్ట (1847-52) కట్టిన కాటన్‌కు కాలువంటే సాగునీరు మాత్రమే కాదు, బాట కూడా. డెల్టా కాలువలకు లాకులు అందుకే పెట్టారు. గట్టు మీద మనుషులు తాడు కట్టి పడవలు లాగేవారు. రైలు కన్నా పడవే చవక అని ఆయన జీవితాంతం వాదించాడు. ఆ పట్టుదలే గోదావరి ఎగువకు పాకింది. వార్ధా లోయ పత్తిని ప్రాణహిత, గోదావరుల మీదుగా సముద్రానికి చేర్చాలన్నది ఆలోచన. అడ్డుగా మూడు రాతి వరుసలున్నాయి: దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి, దేవలమర్రి. రాళ్ళను తప్పించి పక్కగా లాకుల కాలువ తవ్వితే పడవ పైకెక్కుతుంది. అమెరికా అంతర్యుద్ధం (1861-65) వల్ల అక్కడి పత్తి ఆగిపోయిన రోజుల్లో ఈ పథకానికి మంచి ఊపొచ్చింది. దుమ్ముగూడెంలో ఆనకట్ట, కాలువ లేచాయి. ఇచ్చంపల్లి పని అసంపూర్తిగానే మిగిలింది. యుద్ధం ముగిసింది, 1867లో రైలు నాగపూరు చేరింది, ఏటికి కొన్ని నెలలే నీళ్ళుండే నదిని నమ్ముకునేవారు కరువయ్యారు. 1871లో పని మానేశారు.

సరిగ్గా అదే 1871లో భూగర్భ శాస్త్రజ్ఞుడు విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. గోదావరి లోయలో బొగ్గు దొరికిన ఏడాదే గోదావరి మీద పడవ దారి మూతపడింది. కాకతాళీయమే కావచ్చు గానీ నాకు ఇది ఎప్పుడూ గుచ్చుకుంటుంది. వర్స్‌లీలో గని ముందు, కాలువ వెనుక. ఇక్కడ కాలువ ముందు మొదలై, గని వచ్చేసరికి లేకుండా పోయింది. ఒకటి ఒప్పుకోవాలి: ఆ పడవలు కాళేశ్వరం దగ్గర ప్రాణహితలోకి తిరిగిపోయేవే. మా ఒడ్డుకు ఎటూ వచ్చేవి కావు. మా బొగ్గుకు దారి చూపినది 1929లో పూర్తయిన కాజీపేట - బల్లార్షా రైలు మార్గమే.

2008లో కాకినాడ - పుదుచ్చేరి కాలువలను, భద్రాచలం దాకా గోదావరిని నాలుగవ జాతీయ జలమార్గమన్నారు. 2016 చట్టం దానిని భద్రాచలం నుండి నాసిక్ వరకు పొడిగించింది. అంటే కాగితం మీద మా నస్పూరు ఇప్పుడు జాతీయ జలమార్గం ఒడ్డున ఉంది. మొన్న సాయంత్రం వెళ్ళి చాలాసేపు కూర్చున్నాను. జాలరి ఒకాయన తెప్ప మీద వల సర్దుకుంటున్నాడు. దూరంగా వంతెన మీద బొగ్గు రైలు పోతోంది.