పడోసీని చూసి చేపను తెచ్చుకోండి

ఉర్దూ మీడియం బడిలో మాకు తారీఖ్ అంటే బాద్షాలు, జంగ్‌లు, తఖ్తులు. చేపలకూ తారీఖ్ ఉంటుందని అప్పట్లో ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు మన ఇళ్లలో పిల్లలు జిద్దు చేసి అక్వేరియం తెప్పించుకుంటున్నారు. పసుపు, నీలం రంగుల్లో మెరిసే ఆఫ్రికన్ సిక్లిడ్లే కావాలంటున్నారు. దేనితో దేన్ని కలిపి పెంచాలి? ఈ సవాల్‌కు అసలు జవాబ్ తూర్పు ఆఫ్రికాలోని ఒక సరస్సు కిస్సాలో ఉందని నా ఖయాల్.

అది విక్టోరియా సరస్సు. కెన్యా, ఉగాండా, టాంజానియా పంచుకున్న నీళ్లు. వైశాల్యం దాదాపు 68,800 చదరపు కిలోమీటర్లు. అందులో 500కు పైగా జాతుల సిక్లిడ్లు ఉండేవి. దునియాలో ఇంకెక్కడా దొరకనివే చాలా. ఒకటి రాళ్ల మీది నాచు గీక్కుని తినేది, ఒకటి నత్తగుల్లలు పగలగొట్టేది, ఇంకొకటి పురుగుల్ని, మరొకటి సాటి చేపల పిల్లల్ని తినేది. ఎవరి రిజ్క్ వారిది కాబట్టే అన్నీ ఒకే ఇంట్లో గుజారా చేసుకున్నాయి. టాంజానియా ఒడ్డున వీటిని ఫురు అంటారు. ఎండబెట్టుకుని తినే గరీబుల చేప.

అంగ్రేజ్ హుకూమత్ అధికారుల కంటికి ఈ చిన్న చేప ఆనలేదు. పెద్ద చేప ఉంటే వేటకూ, తిజారత్‌కూ ఫాయిదా అనుకున్నారు. రెండు మీటర్ల పొడవు, 200 కిలోల బరువు దాకా పెరిగే మాంసాహారి నైల్ పెర్చ్ వాళ్లకు నచ్చింది. దీన్ని తేవద్దని జంతుశాస్త్రవేత్త జెఫ్రీ ఫ్రయర్ 1960లో రాసి మరీ ఖబర్దార్ చేశాడు. అప్పటికే 1950ల్లో అది నీళ్లలోకి చేరింది. 1962-63లో మళ్లీ వదిలారు.

చాలా ఏళ్లు ఏమీ కానట్టే ఉంది. 1980ల్లో పెర్చ్ ఒక్కసారిగా పెరిగింది. సుమారు 200 సిక్లిడ్ జాతులు కనబడకుండా పోయాయి. ఇల్జామ్ అంతా పెర్చ్ మీదే వేయడం ఇన్సాఫ్ కాదు. పొలాల ఎరువులు, ఊళ్ల మురుగు చేరి నీళ్లు మసకబారాయి. ఆడ సిక్లిడ్ మగచేపను రంగు చూసి ఎంచుకుంటుంది. మసక నీళ్లలో రంగు కనబడక జాతులు ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయని 1997లో ఓలే సీహౌసెన్, ఆయన సాథీలు రాశారు. పెర్చ్ ఎగుమతితో ఫ్యాక్టరీలు వచ్చాయి, పైసలూ వచ్చాయి. కానీ ఫురు ఎండకే ఎండేది. కొవ్వెక్కువైన పెర్చ్‌కు కట్టెల పొగ కావాలి. ఒడ్డున చెట్లు కూడా పోయాయి.

ఇక మన గాజు తొట్టి. అక్కడ హుకూమత్ మనదే. దుకాణదారు ఆఫ్రికన్ అంటే చాలదు, ఏ సరస్సుదో అడగండి. మలావీ సరస్సు రాళ్లలో బతికే ఎంబునాలు నాచు తింటాయి, గుస్సా ఎక్కువ. అదే సరస్సు పీకాక్ చేపలు నెమ్మదివి. రెంటినీ కలిపితే పీకాక్‌కు చైన్ ఉండదు. ఎంబునాల్లో ఎల్లో ల్యాబ్ షరీఫ్, ఆరాటస్ రౌడీ. ఒకే రంగు మగచేపలు రెండుంటే జంగే. ఒక మగదానికి మూడు నాలుగు ఆడవి, దాక్కోవడానికి బోలెడు రాళ్లు పెట్టండి. తోడుగా ఆఫ్రికా సైనోడాంటిస్ జెల్ల పర్వాలేదు. నోటికి పట్టిందల్లా మింగే దక్షిణ అమెరికా ఆస్కార్‌ను తెచ్చి వేస్తే, మీ తొట్టికి అదే నైల్ పెర్చ్.

విక్టోరియా చేపల్లో నైరేరీ అని ఒకటుంది, టాంజానియా నేత జూలియస్ నైరేరీ పేరు పెట్టారు. ఈ జాతుల్లో ఆడచేపలు ఒకేలా ఉంటాయి. కాబట్టి దగ్గరి జాతులను కలపకండి. సరస్సులో కరువైన కొన్ని జాతులు జంతుప్రదర్శనశాలల్లో, షౌకీన్ల తొట్లలో నిలిచాయి. అక్కడా నస్ల్ కలిసిపోతే ఇక మిగిలేదేమిటి?

చివరిగా ఒక గుజారిష్. పెద్దదైందనో, విసుగొచ్చిందనో ఏ చేపనూ ఊరి చెరువులో వదలకండి. తిలాపియా కూడా ఆఫ్రికా సిక్లిడే. 1952లో మన ముల్క్‌కు తెచ్చారు, ఇప్పుడు చెరువుల్లో, జలాశయాల్లో పాతుకుపోయింది. వద్దనుకున్న చేపను దుకాణానికి వాపస్ ఇవ్వండి, లేదా ఇంకో షౌకీన్‌కు ఇవ్వండి. తొట్టిలో జరిగిన గల్తీని మరునాడు జాలీతో తీసేయొచ్చు. సరస్సులో తీయలేం.