ఓ-1 ఫైలుతో ఔటర్ మీద

ఉదయం ఐదున్నర. పెద్ద అంబర్‌పేట్ జంక్షన్‌లో విజయవాడ బస్సులు నిద్రమొహాల్ని దింపి ముందుకు కదులుతున్నాయి. "హయత్‌నగర్, ఎల్బీనగర్" అంటూ ఆటోవాళ్ల కేకలు. మేం అటు పోవడం లేదు, ఔటర్ రింగు రోడ్డు ఎక్కుతున్నాం. వెనక సీట్లో మా అక్క కూతురు, దాని పక్కన సీటు బెల్టు పెట్టుకుని కూర్చున్న ఫైలు.

"ఎన్ని పేజీలు బిడ్డా?"

"ఆరు వందల పైనే మామయ్యా. చదివితే ఎవరో గొప్ప మనిషి అనిపిస్తుంది."

బొంగ్లూరు దాటాం. నానక్‌రామ్‌గూడ అమెరికా కాన్సులేట్‌లో ఎనిమిదిన్నరకు ఇంటర్వ్యూ. వేలిముద్రల పని మొన్ననే అయింది. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, హైటెక్ సిటీ స్టేషన్‌లోనే ఉన్న వీసా కేంద్రంలో ఇచ్చి వచ్చింది. అక్క నిన్న చిలుకూరు బాలాజీ గుడిలో పదకొండు ప్రదక్షిణలు ముగించింది. వీసా వస్తే నూటెనిమిది బాకీ.

అమ్మాయిది బోదకాలు మీద పరిశోధన. నల్లగొండ పల్లెల్లో రాత్రిపూట ఇంటింటికీ వెళ్లి వేలి నుంచి రక్తపు చుక్క తీసుకుంటుంది. పగలు తీస్తే లాభం లేదు, ఆ పురుగు పిల్లలు రాత్రయితేనే రక్తంలో తిరుగుతాయి. నిద్ర లేపినందుకు తిట్టినవాళ్లే చాయ్ పెట్టి పంపారట.

ఆ పని చూసే అమెరికా ల్యాబ్ ఒకటి రమ్మంది. ఇంతలో 2025 సెప్టెంబరు వచ్చింది. బయటి దేశం నుంచి కొత్తగా హెచ్-1బీ మీద తెచ్చుకోవాలంటే లక్ష డాలర్లు కట్టాలన్నారు. ఏ ల్యాబ్ కడుతుంది? లాయరు ఓ-1 అన్నాడు. అమెరికా 1990లో చేసిన చట్టంలోది ఆ వీసా. అసాధారణ ప్రతిభ ఉన్నవాళ్లకు. లాటరీ లేదు, ఏటా ఇన్నే అన్న లెక్కా లేదు. కాకపోతే మనంతట మనం పెట్టుకోలేం, పిలిచినవాళ్లే ఐ-129 ఫారం వేయాలి.

నోబెల్ అంతటి బహుమతి ఉంటే అదొక్కటే చాలు. లేనివాళ్లకు ఎనిమిది కొలతలు పెట్టారు, కనీసం మూడింటికి సాక్ష్యం చూపాలి. చూపాక కూడా మొత్తం ఒకసారి తూకం వేస్తారు. పెద్ద జీతం వాటిలో ఒకటి. పోస్ట్‌డాక్ పిల్లకు పెద్ద జీతమెక్కడిది? దీనికి పనికొచ్చినవి వ్యాసాలు, సొంతంగా కనిపెట్టింది, ఇతరుల వ్యాసాల్ని జర్నళ్ల కోసం పరిశీలించిన అనుభవం.

ఈ మూడోదానితోనే ఇంట్లో గోల. పరిశీలించినందుకు ఎడిటర్లు పంపే థాంక్యూ మెయిళ్లే రుజువు. వాటిని ఇది ఎప్పటికప్పుడు డిలీట్ చేసేసింది! మళ్లీ ఒక్కొక్కరికీ రాసి తెప్పించుకుంది. అంతకన్నా కష్టం సిఫారసు ఉత్తరాలు. గైడ్ రాస్తే సరిపోదు, ముఖపరిచయం లేని శాస్త్రవేత్తలూ ఈమె పని గొప్పదని రాయాలి.

"సార్, నన్ను పొగడండి అని ఎట్లా అడుగుతాం మామయ్యా?"

చిన్నప్పుడు నలుగురిలో మార్కులు చెప్పుకుంటే కసిరిన ఇల్లు మాది. ఇప్పుడు తగుదునమ్మా అని చెప్పుకొమ్మంటే నోరెట్లా వస్తుంది!

శంషాబాద్ దగ్గర విమానం ఒకటి తక్కువ ఎత్తులో మా మీద నుంచి పోయింది. అమ్మాయి ఉన్నట్టుండి అంది: "సుబ్బారావు గారికి ఓ-1 వచ్చేదంటావా?"

బోదకాలుకు పల్లెల్లో పంచే డీఈసీ మాత్ర భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన లెడర్లీ ప్రయోగశాలదే. ఆ వీసా అప్పుడు లేదనుకోండి, అయినా ఇద్దరం లెక్క వేశాం. బహుమతులు? లేవు. మద్రాసులో ఖద్దరు కట్టిన పాపానికి ఎంబీబీఎస్ బదులు ఎల్.ఎం.ఎస్. చేతిలో పెట్టారు. బోస్టన్‌లో రాత్రిళ్లు ఆసుపత్రిలో రోగుల బెడ్‌పాన్లు మోసి పొట్ట పోసుకున్నాడు. 1925లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి మీద హార్వర్డ్ సహచరుడు ఫిస్క్‌తో రాసిన వ్యాసం ఒక్కటీ గట్టి సాక్ష్యమే. కానీ హార్వర్డ్ ఆయన్ను పర్మనెంట్ చేయలేదు. ఆయన విడదీసిన కొన్ని న్యూక్లియోటైడ్లు ఫిస్క్ అడ్డుపడటంతో వెలుగు చూడలేదని, వాటిని ఏళ్ల తర్వాత ఇతరులు మళ్లీ కనిపెట్టాల్సి వచ్చిందని శాస్త్రవేత్త జార్జ్ హిచింగ్స్ చెప్పాడు. బయటికి రాని పనికి సిఫారసు ఉత్తరం ఎవరు రాస్తారు?

"1940 తర్వాతైతే వచ్చేది," అన్నాను. "లెడర్లీలో పరిశోధన మొత్తానికీ ఆయనే పెద్ద."

"అంటే అసలు అవసరమైనప్పుడు రాదన్నమాట."

నాకు జవాబు తోచలేదు. ప్రతిభకు కొలత పెట్టొద్దని నేననను. కానీ ఈ కొలతకు అందేది ప్రతిభలో కాగితం మీదికి ఎక్కిన భాగమే.

నానక్‌రామ్‌గూడ. గేటు బయట అమ్మానాన్నల గుంపు, ఎవరి ఒళ్లో చూసినా పిల్లల ఫోన్లు. ఫోను లోపలికి పోనివ్వరు. దీని ఫోను నా జేబులో మోగుతోంది, అక్క. ఎత్తితే చెప్పడానికేముంది?

గంటన్నరకు బయటికొచ్చింది. పాస్‌పోర్టు లోపలే ఉంచుకున్నారు, అంటే వచ్చినట్టే.

"ఫైలు చూశారా?"

"ముట్టుకోలేదు! రాత్రే ఎందుకు రక్తం తీస్తారని అడిగాడు. చెప్పాను. సరే అన్నాడు."

కారెక్కగానే ఫోను లాక్కుంది. అమ్మకనుకున్నాను. ఏదో జర్నల్ నుంచి మెయిల్, ఒక వ్యాసం పరిశీలించి పెట్టమని. ఒప్పుకుని, ఆ మెయిల్‌ను కొత్త ఫోల్డర్‌లో దాచింది.

"మూడేళ్లకే ఇచ్చేది మామయ్యా. పొడిగింపుకు మళ్లీ ఇవి అడిగినా అడగొచ్చు. ముందు అమ్మకు ఫోన్ చెయ్యి, నేను దీనికి జవాబు రాస్తా."